వేరులో చేరిన బూజు – రాబర్ట్ హార్టిగ్

చెట్టుకు జబ్బు చేస్తుందని, ఆ జబ్బు ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు అంటుకుంటుందని నేడు బడిపిల్లలకు కూడ తెలుసు. రెండు వందల సంవత్సరాల క్రితం ఈ మాట పండితులకు సైతం నమ్మశక్యంగా ఉండేది కాదు. మ్రాను ముదిరితే పుచ్చుతుంది, పుచ్చితే బూజు పడుతుంది, బూజు పట్టిన చోట పుట్టగొడుగు లేస్తుంది. ఇదీ నాటి వారెరిగిన క్రమం. వ్యాధి ముందు, శిలీంధ్రం తరువాత. ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి, శిలీంధ్రమే ముందు వచ్చిందని, వ్యాధి దాని కార్యమని అడవిచెట్ల విషయంలో ఋజువు చేసినవాడు జర్మనీ దేశపు శాస్త్రవేత్త రాబర్ట్ హార్టిగ్. ఆ ఋజువు కోసం ఆయన కాదనవలసి వచ్చిన గ్రంథాలలో ఒకటి స్వయంగా ఆయన తండ్రి రచించినదే.

శిలీంధ్రమన్న పదం మన కావ్యాలకు కొత్తది కాదు. తొలకరి ఉరుముకు నేలను చీల్చుకొని లేచే పుట్టగొడుగులను వర్షర్తు శోభలో ఒక భాగంగా మన కవులు భావించారు. వారికి కనిపించినది నేలపైకి వచ్చిన గొడుగు మాత్రమే. శిలీంధ్రపు అసలు దేహం నేలలోనో, కలపలోనో సాలెపోగుల కంటె సన్నని తంతువులుగా వ్యాపించి ఉంటుంది. గొడుగు దానికి ఫలం వంటిది. హార్టిగ్ జీవితమంతా ఆ కనిపించని పోగుల వెంట సాగింది.

రాబర్ట్ 1839 మే 30వ తేదీన బ్రౌన్‌ష్వైగ్ నగరంలో జన్మించాడు. ఆ వంశానికి అడవి కులవిద్య వంటిది. తాత జార్జ్ లుడ్విగ్ హార్టిగ్ (1764–1837) ప్రష్యా రాజ్యపు అటవీశాఖకు అధిపతి. అడవిలో ఎంత కలప పెరుగుతుందో అంతకు మించి నరకరాదని, రాబోవు తరాలవారికి నేటివారితో సమానమైన వాటా మిగలాలని బోధించి, ఆ నియమాన్ని లెక్కలతో సహా శాస్త్రంగా తీర్చిదిద్దినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఈ జర్మన్ అటవీ సంప్రదాయమే తరువాత మన దేశానికీ వచ్చింది. 1864లో భారత అటవీశాఖకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితుడైన బ్రాండిస్, ఆయన అనంతరం ఆ పదవిని నిర్వహించిన ష్లిక్, రిబెన్‌ట్రాప్, ముగ్గురూ జర్మనులే.

తండ్రి థియొడోర్ హార్టిగ్ (1805–1880) బ్రౌన్‌ష్వైగ్‌లో అటవీశాస్త్ర ఆచార్యుడు. తాత అడవిని కొలిస్తే, తండ్రి దానిని సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూశాడు. ఆకులలో తయారైన ఆహారాన్ని చెట్టు దేహమంతటికీ చేరవేసే చాలనీ నాళాలను 1837లో మొదట గుర్తించినది ఆయనే. వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు నేటికీ ఆ నాళాల బొమ్మను గీస్తూనే ఉన్నారు.

ఇంతటి నిశిత దృష్టి గల థియొడోర్ 1833లో పుచ్చిన కలపను పరిశీలించి, కణాల నడుమ అల్లుకొని ఉన్న సన్నని పోగులను చూశాడు. వాటికి రాత్రి పోగులు అని అర్థమిచ్చే పేరు పెట్టాడు. అయితే ఆ పోగులు బయటినుండి వచ్చినవి కావని, చెట్టు కణాలే చివికిపోయి శిలీంధ్ర రూపం దాలుస్తున్నాయని తన గ్రంథంలో నిర్ణయించాడు. ఇందులో ఆయనను తప్పుపట్టడానికి లేదు. గట్టి మ్రాను నడుమ, ఏ రంధ్రమూ కనిపించని చోట పోగులు ఎక్కడినుండి వచ్చినట్లు? నిర్జీవ పదార్థం నుండి జీవం తానుగా పుడుతుందన్న నమ్మకం ఇంకా చెక్కుచెదరని కాలమది. ఆ నమ్మకాన్ని పాశ్చర్ ప్రయోగాలు కూలదోయడానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది.

1840లో ఆయన మరొక వింతను చూశాడు. పైన్ చెట్టు పిల్లవేరును అడ్డంగా కోసి చూడగా, వెలుపలి కణాల చుట్టూ సన్నని వల వంటి అల్లిక కనిపించింది. దానిని జాగ్రత్తగా చిత్రించి, వేరు నిర్మాణంలో అదొక భాగమని భావించి ఊరకున్నాడు. ఆ బొమ్మకు ఈ కథలో చివర పని ఉంది.

రాబర్ట్ పెరిగిన కాలంలో పరిస్థితులు మారాయి. 1845లో ఐర్లండ్ దేశంలో బంగాళాదుంప పంటను ఒక తెగులు నాశనం చేసింది. ఆ తరువాతి సంవత్సరాల కరువులో సుమారు పది లక్షలమంది మరణించారు. తెగులుకు కారణం చెడ్డ వాతావరణమా, నేలలో దోషమా, సూక్ష్మజీవియా అన్న వివాదం చాలాకాలం నడిచింది. 1861లో ఆంటోన్ డి బారీ అన్న జర్మన్ శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న బంగాళాదుంప ఆకులపై ఆ జీవి బీజాలను వేసి, వ్యాధిని కలిగించి, కారణాన్ని తేల్చాడు. ఆకు మీద తెగులును చూపడం ఒక యెత్తు. నూరేండ్లు నిలిచిన వృక్షం గుండెలో, నేలలోపలి వేరులో దానిని చూపడం మరొక యెత్తు. ఆ పనికి పూనుకొన్నవాడు రాబర్ట్.

అటవీ విద్యను అభ్యసించి, 1867లో బెర్లిన్‌కు సమీపంలోని ఎబర్స్‌వాల్డే అటవీ విద్యాలయంలో అధ్యాపకుడిగా చేరిన రాబర్ట్‌కు చుట్టూ ఉన్న అడవులే ప్రయోగశాల అయ్యాయి. ఆ శతాబ్దంలో జర్మనీలో విస్తారమైన భూములలో స్ప్రూస్, పైన్ వంటి ఒకే జాతి చెట్లను వరుసలుగా నాటారు. కలప త్వరగా చేతికి వచ్చేది. అయితే ఆ తోటలలో అక్కడక్కడ ఒక చెట్టు ఎండిపోవడం, మరుసటి సంవత్సరం దాని ప్రక్కవి, ఆపై వాటి ప్రక్కవి ఎండి, పచ్చని అడవి నడుమ వలయాకారంలో ఖాళీలు ఏర్పడడం కనిపించేది. పిడుగు పడిందనీ, నేల సారం చచ్చిందనీ ఎవరికి తోచింది వారు చెప్పేవారు. హార్టిగ్ మాత్రం గునపం పట్టి వేళ్లను త్రవ్వించాడు.

చచ్చిన చెట్ల మొదట రెండు వస్తువులు తరచుగా కనిపించేవి. ఒకటి, బెరడు క్రింద విసనకఱ్ఱ ఆకారంలో పరచుకొన్న తెల్లని పొర. రెండవది, మట్టిలో వేళ్లవలె పాకే నల్లని తాళ్లు. ఈ తాళ్లను చూచిన పూర్వులు వాటిని ఒక స్వతంత్ర జాతిగా లెక్కించి, వేరు రూపం గలవి అని అర్థం వచ్చే రైజోమార్ఫా అన్న పేరుతో గ్రంథాలకెక్కించారు. ఈ శిలీంధ్రపు పోగులకు చీకటిలో మసక వెలుగునిచ్చే గుణం ఉంది. పాత గనులలోని దూలాల మీద ఆ వెలుగును చూచి ఆశ్చర్యపడినవారున్నారు. ఇవికాక ప్రతి శరత్కాలంలోను అదే చెట్ల మొదళ్ల వద్ద గుంపులు గుంపులుగా తేనెరంగు పుట్టగొడుగులు లేచేవి. వాటిని అందరూ ఎరుగుదురు, ఏరుకొని తినేవారు కూడ. తెల్లని పొర, నల్లని తాడు, తేనెరంగు గొడుగు, ఈ మూడూ ఒకే జీవి యొక్క మూడు రూపాలని హార్టిగ్ నిరూపించాడు. గొడుగు కాడను పట్టుకొని తాడు వరకు, తాడును పట్టుకొని బెరడు లోపలి పొర వరకు తెగకుండా వెళ్లి చూపాడు. ఒక రోగగ్రస్తమైన మొద్దు నుండి బయలుదేరిన నల్లని తాడు మట్టిలో ప్రయాణించి, ఆరోగ్యంగా ఉన్న వేరు బెరడును చీల్చి లోనికి చొరబడడాన్ని గుర్తించాడు. చెట్టు తన మొదలు వద్ద జిగురును విపరీతంగా స్రవించడం ఈ వ్యాధి లక్షణం. అంతకుముందు ఆ జిగురునే వ్యాధి అనుకొన్నారు. అది పగవాని రాకకు చెట్టు చేసిన ప్రతిఘటన.

ఆర్మిల్లేరియా అని నేడు పిలుస్తున్న ఈ శిలీంధ్రం ఎంత దూరం పాకగలదో హార్టిగ్ ఊహకు కూడ అందియుండదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రపు అడవిలో ఇటువంటి ఒకే ఒక్క శిలీంధ్రం సుమారు 965 హెక్టార్ల మేర నేల క్రింద వ్యాపించి ఉన్నదని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

ఆయన పరిశోధించిన రెండవ వ్యాధి ఇంకను భయంకరమైనది. దానికి కారణమైన శిలీంధ్రానికి ఆయన వేరును నాశనం చేసేది అని అర్థమిచ్చే లాటిన్ పేరు పెట్టాడు. నేటి పేరు హెటెరోబెసిడియాన్. ఇది నల్లని తాళ్లను పంపదు. నేలలో ఒక చెట్టు వేరు మరొక చెట్టు వేరును తాకిన చోట, ఆ స్పర్శ ద్వారానే దాటిపోతుంది. ఒక్క జాతి చెట్లను దగ్గర దగ్గరగా నాటిన తోటలో వేళ్లన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి గనుక దానికి ఎదురులేదు. బూజు పట్టిన బెరడు ముక్కను ఆరోగ్యంగా ఉన్న వేరుకు కట్టి వ్యాధిని రప్పించి హార్టిగ్ తన వాదాన్ని స్థిరపరచాడు. ఈ రెండు పరిశోధనలూ 1874లో వెలువడిన అడవిచెట్ల వ్యాధుల గ్రంథంలో చోటు చేసుకొన్నాయి.

నివారణకు ఆయన చెప్పిన ఉపాయం సరళమైనది. వ్యాధి సోకిన చెట్ల చుట్టూ లోతైన కందకం త్రవ్వి, వేళ్ల సంబంధాన్ని తెంచివేయాలి. మన కోనసీమ కొబ్బరి తోటలలో గానోడెర్మా అన్న శిలీంధ్రం వేళ్లనుండి ప్రవేశించి చెట్లను కూల్చుతుంది. అక్కడి రైతులకు కూడ తెగులు చెట్టు చుట్టూ కందకం త్రవ్వి, ఆరోగ్యంగా ఉన్న చెట్లనుండి వేరుచేయమనే చెబుతారు. శిలీంధ్రం వేరైనా, వేరు దారి వేరు దారే గదా!

హార్టిగ్ చెప్పినదంతా నిలువలేదు. వేరు నుండి వేరుకు వ్యాధి పాకుతుంది, సరే. అసలు మొదటి చెట్టుకు అది ఎట్లు వచ్చింది? నేలలో బొరియలు చేసుకొనే ఎలుకలు తమ బొచ్చుకు అంటిన శిలీంధ్ర బీజాలను వేళ్ల వద్దకు మోసుకొనిపోతాయని ఆయన భావించాడు. 1950 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన రిష్‌బెత్ అసలు ద్వారాన్ని కనుగొన్నాడు. చెట్టును నరికిన తరువాత మిగిలే మొద్దు పచ్చి ముఖంపై గాలిలో తేలివచ్చిన బీజాలు పడి మొలకెత్తి, అక్కడినుండి వేళ్లలోకి దిగి, ప్రక్క చెట్ల వేళ్లను చేరుతున్నాయి. అంటే వ్యాధికి తలుపు తెరిచినది గొడ్డలి. నరికిన వెంటనే మొద్దుపై యూరియా వంటి మందునో, హాని చేయని మరొక శిలీంధ్రపు బీజాలనో పూసి ఆ తలుపు మూసే పద్ధతి ఇప్పుడు ఐరోపా అడవులలో అమలులో ఉంది.

1878 హార్టిగ్ జీవితంలో ముఖ్యమైన సంవత్సరం. ఆ యేడు ఆయన మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని స్వీకరించాడు. కలప శిథిలమయ్యే తీరును గురించిన ఆయన మహాగ్రంథం కూడ ఆ యేడే వెలువడింది. పుచ్చు అంతా ఒక్క రీతిగా ఉండదని ఆయన అందులో చూపాడు. ఒక శిలీంధ్రం సోకిన కలప తెల్లబడి పీచుగా విడిపోతుంది. మరొకటి సోకితే గోధుమరంగుకు మారి ఇటుకల వలె పగుళ్లిచ్చి, వ్రేళ్ల నడుమ నలిపితే పొడి అవుతుంది. ఇంకొక దాని వలన కలపలో తెల్లని గుంటలు ఏర్పడుతాయి. తంతువులు తమనుండి ఒకవిధమైన రసాలను స్రవించి, కణకవచాలను కరగించి దారి చేసుకొంటాయని, ఏ శిలీంధ్రం రసం దానిదేనని, అందుచేత పుచ్చును చూచి శిలీంధ్రాన్ని గుర్తుపట్టవచ్చునని నిరూపించాడు. గట్టి మ్రాను నడుమకు పోగులు ఎట్లు వచ్చినవన్న 1833 నాటి ప్రశ్నకు ఇది సమాధానం. అవి కరగించుకొంటూ వచ్చాయి. తండ్రి సిద్ధాంతానికి ఇక చోటు లేకపోయింది. అప్పటికి థియొడోర్ జీవించే ఉన్నాడు. ఆ తరువాత రెండేండ్లకు, 1880లో ఆయన కన్నుమూశాడు.

1882లో రాబర్ట్ వృక్షవ్యాధుల పాఠ్యగ్రంథాన్ని ప్రచురించాడు. 1894లో అది ఆంగ్లంలోకి అనువాదమై వెలుపలి దేశాల అటవీ అధికారులకూ అందుబాటులోకి వచ్చింది. ఇండ్లలోని దూలాలను తినివేసే శిలీంధ్రాన్ని గురించి 1885లో ప్రత్యేకంగా ఒక పుస్తకం వ్రాశాడు. అడవిచెట్ల వ్యాధి శాస్త్రానికి పితామహుడన్న పేరు ఆయనకు స్థిరపడింది.

సరిగ్గా ఆ 1885లోనే బెర్లిన్‌లో ఒక వివాదానికి బీజం పడింది. ట్రఫుల్ అనే విలువైన భూగర్భ పుట్టగొడుగులను ప్రష్యాలో పండించగలమా అని పరిశీలించమని ప్రభుత్వం ఆల్బర్ట్ బెర్నార్డ్ ఫ్రాంక్ అనే ఆచార్యుణ్ణి నియోగించింది. ట్రఫుల్ కోసం వేళ్లను త్రవ్విన ఫ్రాంక్‌కు అనుకోని వింత కనిపించింది. ఓక్, బీచ్, పైన్ చెట్ల పిల్లవేళ్లన్నీ శిలీంధ్రపు తొడుగు కప్పుకొని ఉన్నాయి. పైగా ఆ చెట్లు నిక్షేపంగా ఉన్నాయి. శిలీంధ్రం నేలనుండి నీటిని, లవణాలను చెట్టుకు అందిస్తుంది, చెట్టు దానికి ఆహారం పెడుతుంది, ఇది రోగం కాదు, స్నేహం అని ఆయన ప్రకటించాడు. ఆ జంట అవయవానికి మైకోరైజా, అనగా శిలీంధ్రమూలమని పేరు పెట్టాడు.

హార్టిగ్ దీనిని అంగీకరించలేదు. వేరులో చేరిన బూజు చెట్టును ఎట్లు చంపుతుందో కండ్లారా చూచినవాడాయన. ఈ బూజులు కూడ పరాన్నజీవులేనని వాదించాడు. ఇక్కడ ఆయన పొరబడినాడనే చెప్పవలసి ఉంటుంది. కాని ఆ పొరపాటుకు మూలం మొండితనం కాదని నా అభిప్రాయం. శిలీంధ్రం చెట్టు నుండి పుట్టదని, బయటినుండి వచ్చే అన్యజీవి అని లోకాన్ని ఒప్పించడానికే ఆయనకు సగం జీవితం పట్టింది. ఆ అన్యులలో ఆప్తులు కూడ ఉంటారన్న మాట ఆయన చెవికి వెంటనే ఎక్కకపోవడం సహజం. ఈ వివాదం ఆయన జీవితకాలంలో తేలలేదు. 1901 అక్టోబరు 9వ తేదీన మ్యూనిక్‌లో ఆయన మరణించాడు. ఆ తరువాత 1920 దశకంలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు మెలిన్ శుద్ధమైన శిలీంధ్రాలను, మొలకలను ప్రయోగశాలలో కలిపి పెంచి ఫ్రాంక్ పక్షాన్ని బలపరచాడు.

హార్టిగ్ చూడలేని విషయం మరొకటి ఉంది. శిలీంధ్రం కరగించే రసాన్ని ఆయన గుర్తించాడు. వేరు కూడ ఊరకుండదని, శిలీంధ్రం తాకక ముందే ఇరువురి మధ్య రసాయనాల రూపంలో సంకేతాలు నడుస్తాయని ఆ తరువాత తెలిసింది. 1904లో అదే మ్యూనిక్ నగరంలో పనిచేస్తున్న లొరెంజ్ హిల్ట్‌నర్ వేరును అంటిపెట్టుకొని, దాని ప్రభావానికి లోబడి ఉండే మట్టికి రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. వేరు తన చుట్టూ చక్కెరలను, అమైనో ఆమ్లాలను, ఇంకా అనేక పదార్థాలను విడుస్తుంది. అవి మట్టిలో జీవులకు పిలుపులు. బీచ్ మొలకలను కూల్చే ఫైటోఫ్తొరా అన్న జీవిని కూడ హార్టిగ్ పరిశీలించాడు. నేడు దానిని నిజమైన శిలీంధ్రాలలో లెక్కించరు. తడి మట్టిలో దాని సిద్ధబీజాలు రెండు కశాభాల సాయంతో ఈదుతూ, వేరు విడిచిన పదార్థాల జాడ పట్టుకొని వేరును చేరుకొంటాయి. ఆర్మిల్లేరియా నల్లని తాళ్లు పెరగడానికి ఆల్కహాలు వంటి చిన్న అణువులు ప్రేరకాలని 1963లో తేలింది.

చెట్టు వైపునుండి కాపలా కూడ ఉంది. శిలీంధ్ర కణకవచంలో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. దాని తునకలు తగలగానే వేరు కణాలు ఆగంతుకుణ్ణి గుర్తించి, శత్రువు గోడను కోసే ఎంజైములను, విషతుల్యమైన ఫీనాలు పదార్థాలను, జిగురును సిద్ధం చేసుకొంటాయి. హార్టిగ్ చెట్టు మొదట చూచిన జిగురు ధార ఇటువంటి ఆత్మరక్షణమే. హెటెరోబెసిడియాన్ తన వంతుగా విషాలను విడుస్తుంది. అంతా పోరాటమే అయితే మరి ఫ్రాంక్ చూచిన స్నేహితుడు ఆ కాపలాను దాటి లోనికి ఎట్లు వస్తున్నాడు? అతని గోడలోనూ కైటిన్ ఉన్నది కదా!

ఈ చిక్కుముడి 2011లో కొంత వీడింది. లాక్కేరియా అనే స్నేహ శిలీంధ్రం పాప్లర్ చెట్టు వేరును సమీపించినప్పుడు, వేరు విడిచిన సంకేతాలను అందుకొని ఒక చిన్న ప్రొటీనును తయారుచేస్తుందని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ ప్రొటీను వేరు కణంలోనికి, దాని కేంద్రకంలోనికి వెళుతుంది. అక్కడ రక్షణ చర్యలను అదుపులో ఉంచే ఒక ప్రొటీనును నాశనం కాకుండ కాపాడుతుందని 2014లో తేలింది. దానితో జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోను ఇచ్చే యుద్ధ సూచన అణగిపోతుంది. జాజిపూల తైలంలో మొదట దొరికిన పదార్థం వలన ఈ హార్మోనుల కుటుంబానికి ఆ పేరు వచ్చింది. ఆ చిన్న ప్రొటీను తయారు కాకుండ చేస్తే శిలీంధ్రం వేరుతో పొత్తు కుదుర్చుకోలేకపోయింది. మొక్కల కణాలలోనికి ప్రొటీనులను పంపి వాటి రక్షణను అణచడం వ్యాధికారక శిలీంధ్రాల విద్య. స్నేహితుడు వాడుతున్నదీ అదే విద్య.

ఆ విధంగా అనుమతి పొందిన శిలీంధ్రపు పోగులు వేరు వెలుపలి కణాల నడుమ చొచ్చుకొనిపోయి ఒక వలను అల్లుతాయి. చెట్టుకూ శిలీంధ్రానికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు జరిగేది ఆ వలలోనే. వృక్షశాస్త్ర గ్రంథాలలో దాని పేరు హార్టిగ్ వల. ఆ పేరు రాబర్ట్‌ది కాదు. 1840లో పైన్ వేరును కోసి చూచి, అది ఏమిటో తెలియకపోయినా, ఉన్నది ఉన్నట్లు గీసిపెట్టిన థియొడోర్‌ది.